గండశిలుడి మంత్రి తల ఎందుకు ఊపుతుంది

ఒకప్పుడు తొండకు తల ఊపడం తెలియదు. దాని మెడ కొయ్యముక్కలా బిగుసుకుని ఉండేది. ఎవరైనా పలకరిస్తే కళ్ళు మాత్రం తిప్పి చూసేది. తల వంచేదీ కాదు, ఎత్తేదీ కాదు.

ఆ రోజుల్లో గుట్టల మీది బండలు కూడా ఇప్పటిలా ఒకదాని నెత్తిన ఒకటి నిలబడి ఉండేవి కావు. మేత మేసి అలిసిన మందలా, ఎక్కడివక్కడ నేల మీద పడుకుని ఉండేవి.

అప్పుడు అక్కడున్న ఏడు గుట్టల్లో పెద్దదాన్ని గండశిలుడనే రాక్షసరాజు ఏలుతుండేవాడు. అతడు కూర్చుంటే ఒక గుట్టంత, నిలబడితే రెండు గుట్టలంత. అతని తల మీద వెంట్రుకలకు బదులు బోదగడ్డి మొలిచేది. తుమ్మితే పొరుగు గుట్ట మీది పిట్టలన్నీ గూళ్ళు వదిలి లేచిపోయేవి.

అతన్ని జయించాలని చాలామంది రాజులు సైన్యాలతో వచ్చారు. ఏమి లాభం? అతని చేయి నరికితే, అది కింద పడేలోపు కొత్త చేయి మొలిచేది. ఆ కొత్త చేత్తోనే పాత చేతిని ఎత్తి, నరికినవాడి నెత్తిన ఒకటి వేసేవాడు. అందుకని కొన్నాళ్ళకు యుద్ధానికి ఎవరూ రావడం మానేశారు.

గండశిలుడి ఒంట్లో తిరిగి బాగుపడనిది ఒక్కటే ఉండేది. అది అతని ఎడమ చెవి. చిన్నప్పుడు అబద్ధం చెప్పాడని వాళ్ళ అవ్వ ఆ చెవిని మెలిపెట్టింది. నరికిన చేతులన్నీ మొలిచాయి గాని, అవ్వ మెలిపెట్టిన చెవి మాత్రం వంకరగానే ఉండిపోయింది.

యుద్ధాలు ఆగిపోయాక రాజుకు ఏమీ తోచలేదు. చివరికి అతడు పులి-మేక ఆట పట్టుకున్నాడు. పెద్ద గుట్ట మీద పరుపుబండ ఒకటి ఉంది. దాని మీద గడ్డపారతో గీతలు గీశాడు. నల్లని నిలువురాళ్ళు మూడు తెచ్చి పులులన్నాడు. గుండ్రని బండలు పదిహేను తెచ్చి మేకలన్నాడు. ఆట అందరికీ తెలిసిందే. పులి మేక మీదుగా దూకి దాన్ని తింటుంది. మేకలు పులులను చుట్టుముట్టి కదలకుండా కట్టేస్తే మేకలదే గెలుపు.

"ఇకమీదట మా రాజ్యంలో ఏది కావాలన్నా మాతో ఆడి గెలవాలి," అని గండశిలుడు చాటించాడు. "పులులు ఎప్పుడూ మావే."

అలా ఆడి ఆడి మిగిలిన ఆరు గుట్టలనూ గెలుచుకున్నాడు. ఎలా గెలిచాడంటారా? ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. రాజు లేచి నిలబడి, కుడికాలితో గుట్టను మూడుసార్లు తన్ని ఏది పలికితే అది శాసనం. ఆటలో ఓడిపోయేలా ఉన్నప్పుడల్లా గండశిలుడు లేచేవాడు. ధన్, ధన్, ధన్ మని తన్నేవాడు.

"ఈ ఆటకు పులి రెండు మేకల మీదుగానైనా దూకవచ్చు! అంతేగా మంత్రీ?" అనేవాడు.

మంత్రి అవునంటే చాలు, గుట్ట అతనిదైపోయేది.

అయితే అవునని అనే మంత్రి దొరకడం అంత సులువు కాలేదు. మొదట గుడ్లగూబను పెట్టుకున్నాడు. అది బాగా ఆలోచించి, "కాదు ప్రభూ," అంది. రాజు దాన్ని తరిమితే వెళ్ళి చెట్టుతొర్రలో దాక్కుంది. తరువాత చిలుకను పెట్టుకున్నాడు. అది రాజు మాటలన్నిటినీ వెళ్ళి పొరుగు గుట్ట మీద వినిపించి వచ్చింది. దాన్నీ తరిమేశాడు.

ఆ సమయంలో తొండ వచ్చింది. దానికి రాజ్యం అక్కరలేదు, పదవి అక్కరలేదు. పరుపుబండ పక్కన ఎండ బాగా తగిలే ఒక వెచ్చని చోటుంది. అక్కడ పడుకోనిస్తే చాలు.

"పడుకో. కాని ఒక్క పని చేయాలి. మేము 'అంతేగా మంత్రీ?' అన్నప్పుడల్లా తల ఊపాలి," అన్నాడు గండశిలుడు.

"ప్రభూ, నా మెడ వంగదు."

"మరేమి వంగుతుంది?"

తొండ తనను తాను ఒకసారి చూసుకుంది. "ముంగాళ్ళు వంగుతాయి ప్రభూ."

"అయితే వాటితోనే ఊపు. మాకు ఊగడం ముఖ్యం. ఏది ఊగిందన్నది ముఖ్యం కాదు."

అలా తొండ మంత్రి అయింది. రాజు అడిగినప్పుడల్లా ముంగాళ్ళ మీద లేచేది, మళ్ళీ కూర్చునేది. అలా లేచినప్పుడు తలకాయ పైకి పోయేది, కూర్చున్నప్పుడు కిందికి వచ్చేది. రాజుకు అదే పదివేలు. కాని తొండకు మాత్రం ఒక ఇబ్బంది వచ్చిపడింది. అబద్ధానికి తల ఊపినప్పుడల్లా దాని ముఖం ఎర్రబడేది. మంత్రిత్వం చేసిన ఆరేళ్ళలో అది ఎర్రబడని రోజు లేదు.

ఇలా ఉండగా ఒక ఏడాది ఎండలు మండిపోయాయి. వాగులు ఎండాయి, కుంటలు పగిలాయి. ఆ చుట్టుపక్కల నీళ్ళున్న చోటు ఒక్కటే మిగిలింది. అది పెద్ద గుట్ట మీద, పరుపుబండ వెనుక ఉన్న దోన. రాతి పగులులో నిండిన ఆ చల్లని నీళ్ళు ఏ వేసవిలోనూ ఇంకేవి కావు. కాని దాని ముందు గండశిలుడు కూర్చుని ఉండేవాడు.

గుట్ట కింద బీరవ్వ అనే ముసలమ్మ మేకలు కాసుకుని బతికేది. ఆమెకు నలభై మేకలు. మూడు రోజులుగా వాటికి చుక్క నీరు లేదు. మందలో ముందు నడిచేది బొల్లిమేక. దాని ముఖం మీద తెల్లమచ్చ, నోట్లో ఎడతెగని మాటలు.

"అవ్వా, నా నాలుక చూడు. చెప్పుతోలు లెక్క అయింది. చిన్న పిల్లలు లేస్తలేవు. ఈ పొద్దు గూకేలోపు నీళ్ళు దొరకకుంటే మందలో సగం మిగలదు," అంది బొల్లి.

బీరవ్వ గొంగడి భుజాన వేసుకుంది, కట్టె పట్టుకుంది, మందను తోలుకుని గుట్ట ఎక్కింది.

"దండం రాజా. మేకలు సచ్చిపోతున్నయ్. జెర నీళ్ళు తాగనియ్యి," అంది.

గండశిలుడు నవ్వాడు. గుట్ట మీది చిన్న రాళ్ళు నాలుగు కిందికి దొర్లాయి.

"ఓసీ ముసలిదానా! మాతో ఆడి గెలిస్తే దోన నీది. ఓడితే ఈ నలభై మేకలూ మాకు ఈ పూట ఫలహారం. నువ్వు మా వంటమనిషివి. అంతేగా మంత్రీ?"

తొండ లేచింది, కూర్చుంది. బొల్లిమేక రెండడుగులు వెనక్కి వేసింది. "అవ్వా, ఇంటికి పోదాం. నాకు నీళ్ళ దూప లేదు. అస్సలే లేదు. ఎన్నడూ లేకుండె."

బీరవ్వ వెనక్కి తిరిగి చూసింది. నాలుగు చిన్న పిల్లలు తల్లుల పక్కన మోకాళ్ళ మీద కూలబడి ఉన్నాయి. అవి గుట్ట దిగలేవు. దిగినా కింద ఏముంది?

"ఆడుత రాజా. గాని ఆడేటప్పుడు మా మందలో ఒక పద్ధతి ఉంటది. దానికి ఒప్పుకోవాలె," అంది.

"ఏమిటది?"

ఆమె గొంగడి దులిపి పరుపుబండ అంచున పరిచింది. "ఆడేటోళ్ళు గొంగడి మీద కూసోవాలె. కూసున్నంక ఆట తెగేదాకా లేవొద్దు. లేస్తే ఎత్తు వేసి లేవాలె, ఆట తెగినంక లేవాలె, లేకుంటే 'ఓడిన' అని నోటితోని చెప్పి లేవాలె. ఉత్తగ లేచేది లేదు."

"ఇదెక్కడి పద్ధతి?"

"మా ఆయన ఓడిపోయేటట్టుంటే చాలు, మేక తప్పిపోయిందని లేచి పోయేటోడు. రోజూ అదే మేక తప్పిపోయేది. మా అత్త చూసి చూసి ఈ పద్ధతి పెట్టింది."

"సరే సరే. మా కిరీటం మీద ఒట్టు, లేవము."

"కిరీటం పోతే ఇంకోటి చేయించుకుంటవ్."

"మా కుడిచేతి మీద ఒట్టు."

"అది మల్లా మొలుస్తది గద."

గండశిలుడు ఆలోచనలో పడ్డాడు. తెలియకుండానే అతని చేయి ఎడమ చెవి మీదికి పోయింది. ఒకసారి వెనక్కి తిరిగి ఎవరూ లేరని చూసుకున్నాడు. తరువాత గొంతు బాగా తగ్గించి, "మా అవ్వ మీద ఒట్టు," అన్నాడు.

"గట్లంటే నమ్ముత," అంది బీరవ్వ.

రాజు కూర్చోబోయాడు. గొంగడి చాలలేదు. ఎటు సర్దినా ఒక పక్క కిందికే పట్టింది. రెండో పక్క ఒట్టి బండ మీద ఉండిపోయింది.

"సగం కూర్చున్నా కూర్చున్నట్టే. అంతేగా మంత్రీ?"

తొండ లేచింది, కూర్చుంది. బీరవ్వ దాని వంక చూసి నొచ్చుకుంది.

"అయ్యో తమ్మీ! వచ్చినకాన్నుంచి చూస్తున్న. లేస్తున్నవ్, కూసుంటున్నవ్. రెక్కలు గుంజుతలేవా?"

ముంగాళ్ళు నొప్పిపుట్టడం లేదా అని ఆరేళ్ళలో తొండను అడిగినవారు లేరు. అలవాటు కొద్దీ ముంగాళ్ళ మీద ఒకసారి లేచి కూర్చుంది. లేచి కూర్చున్నాక దానికే ఆశ్చర్యం వేసింది. ముఖం ఎర్రబడలేదు. ఊపినది నిజానికి కదా!

ఆట మొదలైంది.

మేకలను ఒక్కొక్కటే దించాలి. బండలను ముసలమ్మ ఎత్తలేదు. అందుచేత ఆమె కట్టెతో చూపించిన చోట రాజే ఎత్తి పెట్టవలసి వచ్చింది. అతని చేతులు పొడుగువి కనుక కూర్చున్న చోటినుంచే అందేవి.

"ఇంకొంచెం ఎడమకు. అగో, అంత ఎడమకు కాదు. ఇటు. గీత మీద పెట్టు. గీత కనబడుతలేదా?"

"మేము ఏడు గుట్టల ప్రభువులం!"

"ప్రభువే గాని గీత మీద పెట్టు."

గండశిలుడు పళ్ళు కొరుకుతూ గీత మీద పెట్టాడు.

కాసేపటికి అతని పులి ఒక మేక మీదుగా దూకింది. రాజుకు పట్టరాని సంతోషం కలిగింది. తాను తిన్న మేక నలుగురికీ కనబడాలని ఆ బండను తీసి పక్కనున్న మరో బండ నెత్తిన నిలబెట్టాడు. రెండో మేకను తిన్నాడు. దాన్ని మొదటిదాని మీద పెట్టాడు. మూడోదాన్ని తిని రెండోదాని మీద పెట్టాడు. పెట్టిన ప్రతిసారీ మెడ సాచి అందం చూసుకున్నాడు.

"అవ్వా, అది నేనేనా?" అంది బొల్లి వణుకుతూ.

"నువ్వు గాదే. బండ."

"నా లెక్కనే ఉంది."

రాజు నాలుగో మేకను కూడా తిన్నాడు. బొల్లి కళ్ళు తేలేసి పడిపోయింది. ఎవరూ పట్టించుకోకపోయేసరికి మళ్ళీ తనే లేచి నిలబడింది.

"నాలుగు పోయినయ్ అవ్వా! జెర తరుము ఆ పులులను!"

బీరవ్వ గొంగడి అంచు మీద కుదురుగా కూర్చుని ఉంది. "తరిమితే మంద చెదురుతది. పొద్దుగూకినప్పుడు మిమ్మల్ని దొడ్లకు ఎట్ల తోలుతనే? అరుస్తనా, కొడతనా? మూడు దిక్కుల నిలబడి ఒక దిక్కు దారి ఇడుస్త. మీరే తోవ దొరికిందని సంబురంగ లోపలికి ఉరుకుతరు."

బొల్లి ఆలోచించింది. "అది నువ్వు చేస్తున్నవా? మేమే పోతున్నమనుకున్నం."

"పులి ఐనా మేక ఐనా తోవ చూపెడితే పోతది," అంది బీరవ్వ.

తిన్న నాలుగు మేకలూ రాజుకు ఆమె చూపించిన తోవలే. మేక మీద ఆశతో మొదటి పులి పై కొసకు పోయింది. దాని వెనుక రెండు మేకలు వచ్చి నిలబడ్డాయి. ఇంకో మేక కోసం రెండో పులి మూలకు పోయింది. దాని వెనుకా దారి మూసుకుపోయింది. రాజు పేర్చిన బండల అందం చూసుకుంటూ అదేమీ గమనించలేదు.

"మూడోదానెనుక. ఆ చుక్క మీద పెట్టు రాజా," అంది బీరవ్వ.

గండశిలుడు తన చేత్తో తానే బండ ఎత్తి ఆ చుక్క మీద పెట్టాడు. తన ఎత్తు వేయడానికి మొదటి పులిని పట్టుకున్నాడు. దానికి దారి లేదు. రెండోదాన్ని పట్టుకున్నాడు. దానికీ లేదు. మూడోదాన్ని పట్టుకుని కాసేపు అటూ ఇటూ తిప్పాడు. తిప్పడమే గాని పోవడానికి చోటు లేదు.

గుట్ట మీద గాలి ఆగిపోయింది. తరువాత ఏం జరుగుతుందో చూద్దామని అది కూడా ఒక కొమ్మ మీద కూర్చుంది.

"గెలిచినవ్ అవ్వా!" అని ఎగరబోయిన బొల్లిమేక సగంలోనే ఆగింది. బీరవ్వ చెవి దగ్గరికి వచ్చి గుసగుసలాడింది. "అవ్వా, ఇప్పుడు 'ఓడిన' అంటడు. అంటే ఆట తెగినట్టే గద. తెగితే లేస్తడు. లేస్తే..."

బీరవ్వ ముఖం పాలిపోయింది. లేస్తే గుట్టను మూడుసార్లు తంతాడు. ఓడినవాడే గెలిచినట్టని శాసనం పలుకుతాడు. మంత్రి తల ఊపుతుంది. ఇక నలభై మేకలూ ఫలహారమే. అత్త పెట్టిన పద్ధతిలో ఆ ఒక్క చిల్లు మిగిలిపోయింది. అత్త తన కొడుకును ఆపాలనుకుందే గాని రాక్షసరాజును ఆపాలనుకోలేదు కదా!

గండశిలుడు నోరు తెరిచాడు. "మేము... ఓ..."

ఆ మాట అతడు పుట్టాక ఎప్పుడూ అనలేదు. అది గొంతు దాటడం లేదు. ఇంకొకసారి ప్రయత్నించాడు. "ఓ..." దగ్గు వచ్చింది. ఇక లాభం లేదని తల తిప్పి మంత్రి కోసం చూశాడు. తొండ ఆట బాగా కనబడాలని అప్పటికే నాలుగు మేకబండల దొంతర ఎక్కి, సరిగ్గా రాజు కళ్ళ ఎదుట కూర్చుని ఉంది.

"మంత్రీ," అన్నాడు గండశిలుడు, చాలా చిన్న గొంతుతో. "మాకు ఇంకొక ఎత్తు ఉంది కదూ? ఎక్కడో ఉండే ఉంటుంది. అంతేగా?"

తొండ గీతల వంక చూసింది. ఎత్తు లేదు. ఒక్కటీ లేదు. పైనుంచి చూస్తే గుడ్డివాడికైనా తెలుస్తుంది.

అది బీరవ్వ వంక చూసింది. ఆమె వెనుక కూలబడిన పిల్లల వంక చూసింది. "రెక్కలు గుంజుతలేవా?" అన్న మాట దానికి గుర్తొచ్చింది. తరువాత తన చిన్న తలతో చాలా పెద్ద ఆలోచన చేసింది. లేదంటే నిజం చెప్పినట్టవుతుంది. కాని రాజు లేస్తాడు. ఉందంటే అబద్ధం. కాని ఆ ఎత్తు దొరికేదాకా లేవడు. వాళ్ళ అవ్వ మీద ఒట్టు.

తొండ లేచింది, కూర్చుంది. ఆరేళ్ళలో ఎప్పుడూ ఊపనంత గట్టిగా ఊపింది. ఒకసారి కాదు, మళ్ళీ లేచి మళ్ళీ కూర్చుంది. అబద్ధమే కనుక ముఖం ఎర్రబడింది. తానే కోరి ఆడిన అబద్ధం కనుక ఈసారి సిగ్గు వేయలేదు.

గండశిలుడి ముఖం వికసించింది. "మాకు తెలుసు! ఉంది! ఎక్కడ?"

తొండ మరోసారి తల ఊపింది.

"అది సరే. ఎక్కడా అని!"

చూపించడం తన పని కాదని, ఊపడమే తన పని అని రాజే కదా నియమించాడు. తొండ ఊపింది.

"బాగు బాగు, చెప్పవద్దు. మేమే కనుక్కుంటాం," అని గండశిలుడు గడ్డం కింద చేయి పెట్టుకుని గీతల మీదికి వంగాడు.

వంగేసరికి అతని వీపు వెనుక దారి తెరుచుకుంది. దోన మెల్లగా పిలిచింది. "రండి, రండి. చిన్నవాళ్ళు ముందు. చప్పుడు చేయకండి."

తన ఎత్తు వేసేసింది కనుక బీరవ్వ లేచి, పిల్లలను ఒడిలో ఎత్తుకుని తీసుకుపోయి నీళ్ళ దగ్గర దించింది. మిగిలినవి ఒకదాని వెనుక ఒకటి, ముందుదాని గిట్టల జాడలోనే గిట్టలు పెడుతూ నెమ్మదిగా నడిచాయి. కాని దాహం తీరేటప్పుడు నలభై మేకలు చప్పుడు చేయకుండా ఎలా తాగుతాయి? గటగటమని గుట్టంతా మోగింది.

"ఏమిటా చప్పుడు?" అన్నాడు రాజు తల ఎత్తకుండా. "గాలే. అంతేగా మంత్రీ?"

తొండ ఊపింది. కొమ్మ మీద కూర్చున్న గాలి నొచ్చుకుంది గాని ఏమీ అనలేదు.

కడుపు నిండా తాగిన బొల్లిమేక మూతి తుడుచుకోకుండానే తిరిగి వచ్చింది. "అవ్వా, గొంగడి తెచ్చుకోవా?"

"ఉండనియ్యే. రాజు కూసున్నడు గద," అంది బీరవ్వ. పోతూ పోతూ ఆమె తొండ దగ్గర ఆగింది. "తమ్మీ, రోజూ నీళ్ళకు వస్తం. నువ్వు పైలం. అలిసిపోతే నీ పిల్లలకు నేర్పు. నువ్వొక్కనివే ఊపితే రెక్కలు పోతయ్."

తొండ ఊపింది. అది నిజానికి.

ఎండాకాలం పోయింది. వానలు వచ్చాయి. గండశిలుడు ఆలోచిస్తూనే ఉన్నాడు. అతని తల మీది బోదగడ్డి పెరిగి భుజాల దాకా దిగింది. ఒడిలో సీతాఫలం చెట్లు మొలిచాయి. ఏళ్ళు గడిచేకొద్దీ అతనిది ఏది వీపో, గుట్టది ఏది వీపో ఎవరికీ తెలియకుండా పోయింది. అతడు పేర్చిన బండలు మాత్రం అలాగే ఉన్నాయి. ఒక రాక్షసుడు అందం చూసుకుంటూ, కుదురుగా పెట్టినవి కనుక అవి గాలికీ వానకీ పడవు.

కాని అతడు నిద్రపోలేదు. ఎండ బాగా కాసే వేళ గుట్ట ఎక్కి పేర్చిన బండల దగ్గర చెవి పెడితే, సందుల్లోంచి సన్నగా హూఁ మని వినిపిస్తుంది. "ఇంకొక ఎత్తు ఉంది కదూ? అంతేగా మంత్రీ?" అని అతడు అడుగుతున్నాడు. అప్పుడు జవాబు చెప్పేవారెవరూ లేకపోతే అతనికి అనుమానం వస్తుంది. అనుమానం వస్తే ఓడానంటాడు. ఓడానంటే లేస్తాడు. అందుకే తల ఊపుతున్న తొండ మీద ఎన్నడూ రాయి విసరకూడదు, పిల్లలూ. మనం తాగే నీళ్ళకు అది కాపలా.

అప్పటినుంచే తొండ ఎండవేళ అన్నిటికన్నా ఎత్తైన బండ ఎక్కి, ముఖం ఎర్రగా చేసుకుని, ముంగాళ్ళ మీద లేస్తూ కూర్చుంటూ, ఎవరూ ఏమీ అడగకపోయినా అవునవునని తల ఊపుతూనే ఉంది.